ముందు పెద్దమ్మ దగ్గరికి, ఆ తర్వాతే స్కానర్ దగ్గరికి

ప్రశ్న: అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఇల్లు సర్దుతుంటే బీరువా అడుగు అరలో ఒక పాత రేకు పెట్టె దొరికింది. నిండా ఫొటోలు, కొన్ని నెగటివ్‌లు, అట్ట ఊడిన ఒక ఆల్బం. అన్నీ కలిపి రెండు వందలకు పైనే ఉంటాయి. వాటిలో సగం మంది ఎవరో నాకు తెలియదు. ఒక ఫొటో నాలుగు మడతలు పెట్టి ఉంది. అందులో అమ్మకు పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. పక్కన నేనెరుగని ఒక అమ్మాయి. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. అమ్మ అలా నవ్వగా నేనెన్నడూ చూడలేదు. మరో గ్రూప్ ఫొటోలో ఒకరి ముఖం కత్తిరించి ఉంది. ఇంకొక దానిలో రెండున్నరేళ్ల నేను నాన్న భుజాల మీద కూర్చుని ఉన్నాను. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. తమ్ముడు మాత్రం ‘అది గుర్తు కాదు, ఫొటో చూసి కల్పించుకున్నది’ అంటాడు. అన్నిటినీ ఫోనుతో తీసుకుని, పాడైన ముఖాలు కంప్యూటర్‌లో బాగు చేయించి, రంగులు వేయించి, కాగితాలు పారేద్దామని వాడి ఆలోచన. నాకు చూస్తే ఏడుపు వస్తోంది, చూడకుండా ఉండలేకపోతున్నాను. అమ్మకు అక్క, మా పెద్దమ్మ ఉంది. ఎనభై మూడేళ్లు. ఈ వయసులో పాతవన్నీ తవ్వి ఆమెను బాధపెట్టడం ఎందుకని ఏమీ చెప్పలేదు. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు అడిగినవాటిలో ఆలస్యమైనా పరవాలేనివి చాలా ఉన్నాయి. ఆలస్యం చేయకూడనిది ఒకటే. ఆ ఫొటోలు ఇన్నేళ్లుగా పెట్టెలో ఉన్నాయి, ఇంకో రెండు నెలలు ఉంటే వాటికేమీ కాదు. మీ పెద్దమ్మ సంగతి అలా కాదు. ఆ ముఖాలకు పేర్లు తెలిసిన మనిషి, మీ ఉత్తరాన్ని బట్టి, ఆమె ఒక్కరే మిగిలారు. కాబట్టి స్కానింగ్, రంగులు, ఏది ఉంచాలి ఏది తీసేయాలి అన్న మాటలన్నీ పక్కన పెట్టి ముందు ఆమె దగ్గరికి వెళ్లండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అమ్మమ్మ దగ్గర ఒక గ్రూప్ ఫొటో ఉండేది. తొమ్మిది మంది. నలుగురు కుర్చీల్లో, వెనుక నిలబడి ఐదుగురు. నేను దాన్ని ఎంతో శ్రద్ధగా స్కాన్ చేయించాను, పెద్దది చేయించి ఫ్రేము కట్టించాను. ఒక రోజు తీరిగ్గా కూర్చుని అందరి పేర్లూ అడుగుదామనుకుంటూనే రెండేళ్లు గడిపేశాను. అమ్మమ్మ పోయింది. ఇప్పుడు వెనుక వరుసలో ఎడమ నుంచి రెండో మనిషి చొక్కాకు మూడో గుండీ లేదని కూడా నేను చెప్పగలను. ఆయన పేరు మాత్రం చెప్పలేను. అమ్మమ్మ కూర్చున్న కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, అంటే బాగా దగ్గరివాడే అయి ఉండాలి. అంతకు మించి చెప్పేవారు ఇప్పుడు ఎవరూ లేరు. ఆ ఫ్రేము ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

పెద్దమ్మ బాధపడుతుందన్న మీ భయం నాకు అర్థమైంది. కానీ ఆ నిర్ణయం ఆమె తరఫున మీరు తీసుకోకండి. ‘అమ్మ ఫొటోలు దొరికాయి పెద్దమ్మా, చూస్తావా?’ అని అడగండి. వద్దంటే వద్దు. చూస్తానంటే, చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటే, దాన్ని మీరు చేసిన తప్పుగా భావించకండి. ఒక్కసారి ఆమె వైపు నుంచి ఆలోచించండి. చిన్ననాటి ఇల్లు, ఆ ఇంట్లోని మనుషులు, వాళ్ల ముద్దు పేర్లు తెలిసిన తోడు మీ అమ్మే. చెల్లెలు పోయాక ఆ రోజుల గురించి ఆమెతో మాట్లాడేవారు ఎవరున్నారు? మీరు వెళ్లి ఆ ఫొటో చేతిలో పెడితే, ఏడాదిన్నరగా ఆమె ఎవరితోనూ అనలేకపోయిన మాటలు కొన్ని బయటికి రావచ్చు.

వయసు మీద పడినవారికి నిన్న జరిగినది గుర్తుండకపోయినా యౌవనం నాటివి గుర్తుండటం మీరూ గమనించే ఉంటారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని చాలాసార్లు పరీక్షించి చూశారు. మలి వయసులో ఉన్నవారిని జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య వయసులో జరిగినవే లెక్కకు మించి వస్తాయి. మీ పెట్టెలోని పాత ఫొటోలు చాలావరకు సరిగ్గా ఆ వయసువే. ఆమె దగ్గర ఉన్నది మీరు అనుకుంటున్నదాని కంటే ఎక్కువే కావచ్చు.

అయితే రెండు వందల ఫొటోలూ ఆమె ముందు కుమ్మరించకండి. ఒక విడతకు ఏడెనిమిది చాలు. ఒక్కొక్కటిగా చేతికివ్వండి. ఇచ్చాక ఆగండి. ఇది చెప్పినంత సులువు కాదు, మనకు నిశ్శబ్దం భరించడం కష్టం, వెంటనే ‘ఇది ఎవరు? ఇది ఎప్పుడు?’ అని మొదలుపెడతాం. వరుసగా ప్రశ్నలు వేస్తే పెద్దవాళ్లు పరీక్షలో కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. తెలియదు అనడానికి చిన్నతనంగా ఉండి ఏదో ఒక పేరు చెప్పేస్తారు. ముఖ్యంగా ‘ఇది చిన్న మామయ్యే కదా?’ అని మీరే జవాబు అందించకండి. ఆమె అవునంటుంది, ఆ తప్పు మీ పిల్లల దాకా వెళ్తుంది. ఆమె చూపు ఎక్కడ ఆగిందో చూడండి. మనం ముఖాలు చూస్తాం, వాళ్లు వెనుక ఉన్న తలుపు చూసి కథ మొదలుపెడతారు. ఇది ఎవరింటి వసారా, ఎవరు తీశారు, తీసిన తర్వాత అందరూ ఎక్కడికి వెళ్లారు, రావలసిన వారెవరైనా రాలేదా? ఫొటోలో కనిపించనివాటి గురించి అడిగితే మాట సాగుతుంది.

ఆమె ఒప్పుకుంటే ఫోనులో మాటలు రికార్డు చేసుకోండి. ప్రతి ఫొటోకూ ఒక అంకె ఇచ్చి, ఫొటో మారినప్పుడల్లా ఆ అంకె పైకి చదవండి. లేకపోతే నెల తర్వాత వింటే ఏ మాట ఏ ఫొటోదో మీకే తెలియదు. ఆమె ‘ఏమో, అనుకుంటున్నా’ అంటే ఆ ‘ఏమో’ కూడా రాసుకోండి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కన వేయండి.

ఇక ఆ మడతల ఫొటో. దాన్ని వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని మడత గీతలు చూడండి. ఫొటో పైపొర జెలటిన్, బొమ్మ అందులోనే ఉంటుంది. ఒకసారి మడిస్తే అక్కడ సన్నని గీతలా చిట్లుతుంది. మళ్లీ మళ్లీ మడిచి విప్పితే ఆ పొర పొడిలా రాలిపోయి కింది కాగితం నార తెల్లగా బయటపడుతుంది, మడతలు కలిసే మధ్య చోట చిన్న రంధ్రం కూడా పడుతుంది. మూలలు గుండ్రంగా అరిగి, వెనుక వైపు మాసి ఉంటే అది పెట్టెలో దాచిన ఫొటో కాదు, ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంట పెట్టుకున్న ఫొటో. మీ అమ్మ దాన్ని ఎన్నోసార్లు విప్పి చూసుకుని ఉంటుంది. ఆ అమ్మాయి ఎవరో తెలియకపోయినా ఇంతవరకూ ఆ కాగితమే మీకు చెప్పగలదు. అందుకే ఆ గీతలను మచ్చలనుకుని తుడిపించకండి. మీ అమ్మ చేతులు చేసిన గుర్తులవి. ఫొటోను బలవంతంగా చదును చేయకుండా, విప్పి ఉంచి, గట్టి కవరులో పెట్టండి. మళ్లీ మడవకండి.

అమ్మ అలా నవ్వగా చూడలేదన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. మీరు పైకి రాయకపోయినా, ‘మా దగ్గర ఎందుకు అలా నవ్వలేదు?’ అన్న ప్రశ్న దాని వెనుక ఉన్నట్టు నాకు అనిపించింది. నేను తప్పుగా అనుకుని ఉంటే మన్నించండి. కెమెరా ఆ నవ్వును పట్టుకున్నది సెకనులో యాభయ్యో వంతో, వందో వంతో. పైగా రీలులో ఉన్న కొద్దిపాటి ఫొటోలను లెక్క చూసుకుని తీసుకునే రోజుల్లో కెమెరా బయటికి వచ్చేదే సంబరంగా ఉన్నప్పుడు. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని, మీరు పుట్టక ముందు ఆమె సంతోషంగా ఉండేదని, పుట్టాక కాదని లెక్క కట్టకండి. పద్దెనిమిదేళ్ల స్నేహితురాలి దగ్గర నవ్వే నవ్వు వేరు, బిడ్డ దగ్గర నవ్వే నవ్వు వేరు. మీకు ఇచ్చిన నవ్వును ఆ అమ్మాయి చూసి ఉండదు. అలాగే, అమ్మకు మీకు తెలియని ఒక జీవితం ఉండేదని ఇప్పుడు తెలియడం కొంచెం గుచ్చుకునే మాటే. గుచ్చుకోనివ్వండి. ఏడుపు వస్తే ఏడవండి. ఒక్క సలహా మాత్రం ఇస్తాను: పెట్టె మొత్తం ఒకేసారి ముందు వేసుకుని అర్ధరాత్రి దాకా కూర్చోవద్దు. పగటి పూట, ఒక కవరు తీసి, చూసి, మూసేయండి.

ముఖం కత్తిరించిన ఫొటో గురించి తొందరపడి ఏదీ నిర్ధారించుకోకండి. కత్తిరింపు అనగానే కోపమో ద్వేషమో అనుకుంటాం. కానీ ఒకరిది విడిగా ఫొటో లేనప్పుడు గ్రూప్ ఫొటోలోంచి ఆ ముఖం కత్తిరించి చిన్న ఫ్రేములోనో, లాకెట్‌లోనో పెట్టుకోవడం, ఏదో గుర్తింపు కాగితానికి అంటించడం కూడా ఉండేది. అంచు చూడండి. నీటుగా గుండ్రంగానో చదరంగానో కత్తిరించి ఉంటే, ఆ ముఖం ఎవరికో కావలసి వచ్చిందేమో. గీకి, చింపి ఉంటే వేరే సంగతి. ఆ ముక్క మీ అమ్మ పర్సులోనో పాత పుస్తకంలోనో దొరకవచ్చు కూడా. పెద్దమ్మను ఒకసారి అడగండి. ఆమె మాట మార్చితే రెండోసారి అడగకండి. చెప్పకపోవడం ఆమె హక్కు, బహుశా మీ అమ్మ ఆమెకు అప్పగించిన హక్కు. ఆ ఖాళీని కంప్యూటర్‌తో పూరించే పని మాత్రం ఎప్పటికీ చేయకండి.

నాన్న భుజాల మీద కూర్చున్న రోజు సంగతిలో మీ తమ్ముడి మాట నిజం కావచ్చు. పెద్దయ్యాక మనకు గుర్తుండే తొలి జ్ఞాపకాలు సగటున మూడు, మూడున్నరేళ్ల వయసువి. రెండున్నరేళ్లప్పటిది స్పష్టంగా నిలవడం అరుదు. దానికి తోడు ఫొటోలకు జ్ఞాపకాలను పుట్టించే శక్తి కూడా ఉంది. 2002లో కింబర్లీ వేడ్ అనే పరిశోధకురాలు, సహచరులతో కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. ఇరవై మంది పెద్దవాళ్లకు వాళ్ల చిన్నప్పటి ఫొటోలు చూపించారు. వాటిలో ఒకటి కల్పించినది, ఎన్నడూ ఎక్కని వేడిగాలి బెలూనులో వాళ్లు కూర్చున్నట్టు అతికించినది. కొద్ది రోజుల వ్యవధిలో మూడుసార్లు మాట్లాడేసరికి సగం మంది ఆ ప్రయాణం కొంతైనా, కొందరు పూర్తిగా, గుర్తున్నట్టు చెప్పారు. వాళ్లెవరూ అబద్ధం ఆడలేదు. జ్ఞాపకం అనేది గుర్తు చేసుకున్న ప్రతిసారీ మళ్లీ అల్లుకునేది.

మీరే ఒకటి గమనించండి. ఆ రోజును తలచుకున్నప్పుడు మీకు కనిపించేది నాన్న తల పైభాగమా, లేక నాన్న భుజాల మీద కూర్చున్న మీరా? మిమ్మల్ని మీరు ఎదుటి నుంచి చూస్తున్నట్టయితే ఆ చూపు కెమెరా నుంచి వచ్చి ఉండవచ్చు. నిజమైన జ్ఞాపకాలూ కొన్నిసార్లు అలా కనిపిస్తాయి కాబట్టి అది ఒక్కటే రుజువు కాదు. ఏదైనా, ఒక మాట తమ్ముడికి చెప్పండి: నాన్న మిమ్మల్ని ఎత్తుకున్నది నిజం, ఫొటో ఉంది. దాన్ని చూస్తూ మీరు పెరిగిందీ నిజం. ఆ రోజు గుర్తుందా లేదా అన్నదే సందేహం. దాని మీద అక్కాతమ్ముళ్లు పోట్లాడుకోవలసిన పని లేదు.

కంప్యూటర్‌తో ముఖాలు బాగు చేయించే విషయంలో మాత్రం నేను మీ తమ్ముడితో ఏకీభవించలేను, ఈ ప్రయోగమే దానికి కారణం. మసకబారిన ముఖాన్ని ఆ సాఫ్ట్‌వేర్ తుడిచి చూపించదు. తాను చూసిన లక్షల ముఖాల నుంచి ఇలా ఉండవచ్చని ఒక ముఖాన్ని ఊహించి గీస్తుంది. కన్ను కొంచెం మారుతుంది, పెదవి కొంచెం మారుతుంది. పదేళ్లు గడిచాక మీ పిల్లలకు అమ్మమ్మ అంటే ఆ ముఖమే. రంగులూ అంతే. నలుపు తెలుపు ఫొటోలో ఉండేది వెలుగు నీడల కొలత మాత్రమే, రంగు ఉండదు. ఒకప్పటి ఫిల్ములు కొన్నిటికి ఎరుపు అసలు కనిపించేదే కాదు, ఎర్రని బట్ట నల్లగా, నీలం తెల్లగా పడేది. అమ్మ వేసుకున్న బట్టల రంగు యంత్రానికి తెలియదు, పెద్దమ్మకు తెలిసే అవకాశం ఉంది. సరదాగా రంగులు వేయించుకోవాలంటే వేయించుకోండి, కానీ ఆ ఫైలు పేరులోనే ‘రంగులు తర్వాత వేసినవి’ అని రాయండి. ముట్టుకోని స్కాన్ వేరుగా ఉంచండి.

తమ్ముడు స్కాన్ చేయాలనడం మంచిదే, కాగితాలు పారేద్దామనడమే మంచిది కాదు. ఆ పని అతనికే అప్పగించండి, శ్రద్ధగా చేస్తాడు. అరచేతిలో పట్టే ఫొటోలను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయమనండి. వెనుక ఏదైనా రాసి ఉంటే, ముద్ర ఉంటే వెనుక వైపు కూడా. రంగుల ఫొటోలతో మొదలుపెట్టమనండి. చాలామంది నలుపు తెలుపువి పాతవి కదా అని వాటిని ముందు చేస్తారు. నలుపు తెలుపు బొమ్మ వెండి రేణువులతో ఏర్పడినది, సరిగా కడిగి ఉంటే చాలా కాలం నిలుస్తుంది. 1960లు, 70ల నాటి రంగుల ఫొటోల్లో ఉండేవి అద్దకాలు, అవి చీకట్లో పెట్టి ఉంచినా వెలిసిపోతాయి. ఆ కాలపు ఫొటోలు ఎర్రబారి కనిపించడానికి కారణం అదే, నీలి అద్దకం ముందుగా పోతుంది. స్కాన్లు ఒక్క ఫోనులోనే ఉంచకండి. మూడు ప్రతులు, వాటిలో ఒకటి వేరే ఇంట్లో.

నెగటివ్‌లను అసలు పారేయకండి, మూలం అవే. ఫిల్ము ముక్క అంచున అంకెలు ఉంటాయి. ఆ నవ్వుల ఫొటో నెగటివ్ దొరికితే దానికి ముందు అంకె, తర్వాతి అంకె ఏమిటో చూడండి, ఆ రోజు ఇంకా ఎవరు ఉన్నారో తెలియవచ్చు. పుల్లని వెనిగర్ వాసన వచ్చే ఫిల్ములుంటే వాటిని మిగతావాటికి దూరంగా పెట్టి, ముందు స్కాన్ చేయించండి. అవి పాడవడం మొదలైంది.

ఆల్బం జిగురు పేజీలదైతే ఫొటోలను గోటితో లాగకండి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నని దారం ఫొటో కిందుగా పోనిచ్చి, రంపంలా మెల్లగా కదపండి. రాకపోతే పేజీని పేజీగానే స్కాన్ చేయండి. అద్దానికి అంటుకుపోయినదాన్ని అలాగే వదిలేయండి. తడి గుడ్డ వద్దు. వెనుక పేర్లు రాయడానికి బాల్ పెన్ను వద్దు, అది ముందు వైపు గీతలుగా తేలుతుంది. మెత్తని పెన్సిల్‌తో, అంచున, ఒత్తకుండా రాయండి. వెనుక వైపు ప్లాస్టిక్‌లా నున్నగా ఉండే ఫొటోలకు పెన్సిల్ అంటుకోదు, వాటికి కవరు మీద రాయండి. పెట్టె తేమ లేని, వేడి తగలని గదిలో ఉండాలి.

ఇవన్నీ వచ్చే నెల పనులు. ఈ వారం చేయవలసింది పెద్దమ్మకు ఫోను చేసి ఎప్పుడు రమ్మంటారో అడగడం. ఆ మడతల ఫొటోను రెండు అట్టల మధ్య పెట్టుకుని వెళ్లండి. కిటికీ దగ్గర, వెలుతురులో కూర్చోబెట్టండి. ఆమె కళ్లద్దాలు చేతికిచ్చి, తుడుచుకోనివ్వండి. తర్వాత ఆ ఫొటో ఇవ్వండి. ఆ అమ్మాయి పేరు ఏమిటో నాకూ తెలుసుకోవాలని ఉంది, తెలిస్తే రాయండి.